ఆరుబయటి పనిలో ఫిల్మ్ కెమెరా

అటవీ ఉద్యోగి, భూగర్భ శాస్త్రవేత్త, సర్వేయరు, పురావస్తు తవ్వకాల సిబ్బంది, కొండలెక్కించే గైడు వంటివారు తీసే ఫొటోలకూ వృత్తి ఫొటోగ్రాఫర్లు తీసే ఫొటోలకూ మొదటి తేడా తీరిక. వృత్తి ఫొటోగ్రాఫరు మంచి వెలుగు కోసం గంటలు కాచుకోగలడు. పని మీద అడవిలోనో కొండపైనో ఉన్న మనిషికి ఆ వెసులుబాటు లేదు. చేతిలో పనిముట్టు, వీపున సామాను, చుట్టూ దుమ్మో వానో, సాయంత్రంలోగా చేరవలసిన మజిలీ ఉంటాయి. కెమెరా వీటన్నిటి తర్వాతే. తీసిన రీలును కడిగే చోటు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడికి చేరడానికి వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. ఈ విషయంపై రాసేవారు ఎక్కువగా కెమెరాల గుణగణాలతోనే సరిపెడతారు. ఫలితాన్ని తేల్చేది మాత్రం షట్టరు నొక్కిన క్షణం నుంచి రీలు కడిగే రోజు దాకా గడిచే కాలం. ఫిల్మ్‌కు ముప్పు వచ్చేది ఎక్కువగా అప్పుడే, ఫిల్మ్ గొప్పతనం బయటపడేదీ అప్పుడే.

వెలుగు తగలగానే ఫిల్మ్ మీది జెలటిన్ పొరలో ఉన్న సిల్వర్ హేలైడ్ స్ఫటికాల్లో కొద్దిపాటి వెండి పరమాణువులు విడివడి చిన్న గుంపుగా చేరతాయి. వీటితో ఏర్పడేదే గుప్తబింబం. అది కంటికి కనిపించదు. డెవలపర్ ద్రావణం ఆ గుంపు ఉన్న స్ఫటికాన్ని మొత్తం నల్లని వెండిగా మార్చినప్పుడే బొమ్మ బయటపడుతుంది. గుప్తబింబం చలిలో, పొడి గాలిలో చాలాకాలం నిలుస్తుంది. వేడిలో, తేమలో క్రమంగా బలహీనపడుతుంది. అదే సమయంలో వెలుగు తగలని స్ఫటికాలు కూడా కొన్ని కడిగినప్పుడు నల్లబడే స్థితికి చేరి ఫిల్మ్ అంతటా సన్నని పొగలాంటి తెర ఏర్పడుతుంది. ఆరుబయటి ఫిల్మ్ పనిలోని జాగ్రత్తల్లో చాలావాటికి కారణం ఈ రసాయన సత్యమే.

తొలి తరం క్షేత్ర ఫొటోగ్రాఫర్లకు ఈ నిరీక్షణ లేదు. తడి కొలోడియన్ పద్ధతిలో గాజు పలకకు అక్కడికక్కడే పూత పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే కడగాలి. అందుకే బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ శామ్యూల్ బోర్న్ 1863 నుంచి 1866 వరకు హిమాలయాల్లో చేసిన మూడు ప్రయాణాల్లో చీకటి గుడారం, రసాయనాల సీసాలు, గాజు పలకల పెట్టెలు మోయడానికి కూలీల బారు వెంట నడిచింది. 1866లో ఆయన సుమారు 18,600 అడుగుల ఎత్తున్న మనిరంగ్ కనుమ దగ్గర ఫొటోలు తీశాడు. అమెరికాలో విలియం హెన్రీ జాక్సన్ 1871లో హేడెన్ సర్వే బృందంతో ఎల్లోస్టోన్‌కు వెళ్లి తీసిన చిత్రాలు ఆ దేశపు చట్టసభ సభ్యుల ముందుకు వెళ్లాయి. మరుసటి ఏడాది మార్చిలో ఎల్లోస్టోన్ జాతీయ పార్కు చట్టం వచ్చింది. సర్వే పని మీద వెళ్లిన మనిషి తీసిన ఫొటోకు ఎంత బరువు ఉండగలదో చెప్పే తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి.

ముందే పూత పూసి ఆరబెట్టిన జెలటిన్ పలకలు, 1888లో ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరా, ఆ తర్వాత సెల్యులాయిడ్ రీళ్లు వచ్చాక తీయడం ఒకచోట, కడగడం మరొకచోట అయ్యాయి. ఫొటోగ్రాఫరు కానివాడు కూడా తన పని చేసుకుంటూ ఫొటో తీయగల పరిస్థితి అప్పుడే వచ్చింది. నిరీక్షణ కాలమూ దానితోపాటే మొదలైంది.

ఆ కాలాన్ని ఫిల్మ్ ఎంత దూరం తట్టుకోగలదో ధ్రువ ప్రాంతాలు నిరూపించాయి. 1897లో ఆండ్రే నాయకత్వంలో బెలూన్ మీద ఉత్తర ధ్రువానికి బయలుదేరిన ముగ్గురు స్వీడన్ దేశస్థులు మంచులో కూలి, నెలల తరబడి నడిచి, క్విటోయా అనే దీవిలో చనిపోయారు. వారి శిబిరం 1930లో దొరికింది. బృందంలోని నిల్స్ స్ట్రిండ్‌బెర్గ్ తీసిన ఫిల్మ్ 33 ఏళ్లు మంచులో పడి ఉంది. స్టాక్‌హోంలో జాన్ హెర్ట్స్‌బెర్గ్ ఎంతో ఓర్పుతో కడిగితే సుమారు 240 ఫ్రేముల్లో 93 దక్కాయి. కూలిన బెలూన్ పక్కన నిలబడ్డ మనుషుల చిత్రం వాటిలోదే. దక్షిణ ధ్రువంలో 1912 జనవరిలో స్కాట్ బృందం దిగిన ఫొటోది కూడా ఇలాంటి కథే. దారం లాగి షట్టరు నొక్కిన బవర్స్ వృత్తిరీత్యా నావికుడు. యాత్రా ఫొటోగ్రాఫర్ హెర్బర్ట్ పాంటింగ్ ఆయనకూ మరికొందరికీ కెమెరా నేర్పాడు. ధ్రువం నుంచి తిరుగుదారిలో వారంతా చనిపోయారు. ఆ ఏడాది నవంబరులో వెతుకులాట బృందానికి గుడారంలో మృతదేహాలతో పాటు కడగని ఫిల్మ్ దొరికింది. పని మీద ఉన్నవాడికి ముందుగా ఇచ్చిన కొద్దిపాటి శిక్షణ వల్లే ప్రపంచానికి ఆ చిత్రం మిగిలింది.

క్షేత్రంలో తీసిన ఫొటోను కొలతగా మార్చిన సంప్రదాయం మరొకటి ఉంది. కెనడా సర్వేయర్లు రాకీ పర్వతాల శిఖరాలెక్కి, ఎక్కిన ప్రతిచోటా దిక్కులన్నీ కలిసేలా ఫొటోలు తీసి, వాటి ఆధారంగా పటాలు గీశారు. ఆ సర్వేల గాజు పలకలు లక్షకు పైగా ఉన్నాయి. ఇప్పుడు విక్టోరియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అవే శిఖరాలెక్కి, అవే కోణాల్లో మళ్లీ తీస్తూ హిమానీనదాలు ఎంత కరిగాయో, చెట్ల గీత ఎంత పైకి పాకిందో లెక్కగడుతున్నారు. ఈ పద్ధతిని హిమాలయాలకు తెచ్చినవాడు కెనడాలో పుట్టిన ఎడ్వర్డ్ ఆలివర్ వీలర్. భారత సర్వే శాఖ అధికారిగా 1921 ఎవరెస్ట్ పరిశీలన యాత్రలో చలిగాలిలో కెమెరాతో వారాల తరబడి ఒంటరిగా పనిచేశాడు. ఉత్తర కనుమకు దారి చూపే తూర్పు రోంగ్‌బుక్ హిమానీనదం జాడ ఆయన సర్వేలోనే తేలింది. తర్వాత 1941 నుంచి 1947 వరకు ఆయనే భారత సర్వేయర్ జనరల్.

చేతిలో ఇమిడే కెమెరా కూడా ఆరుబయటి అవసరం నుంచే పుట్టింది. జర్మనీలోని లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నక్ ఉబ్బస రోగి. నడకకు వెళ్లినప్పుడల్లా పెద్ద పలకల కెమెరా మోయలేక సినిమా ఫిల్మ్‌తో పనిచేసే చిన్న కెమెరాను 1913-14 ప్రాంతంలో తయారుచేసుకున్నాడు. అదే 1925లో లైకా పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1953 మే 29న ఎవరెస్ట్ శిఖరంపై టెన్సింగ్ చిత్రాన్ని హిల్లరీ తీసింది 35 మిల్లీమీటర్ల కొడాక్ రెటీనా కెమెరాతో. చలికి బిగుసుకుపోకుండా దానిని చొక్కా లోపల ఒంటికి ఆనించి మోసుకెళ్లాడు. ఈనాటికీ చలి ప్రదేశాల్లో ఇంతకు మించిన ఉపాయం లేదు.

ఉష్ణదేశంలో జరిగిన పని చలి ప్రాంతాల కథలంత ప్రసిద్ధం కాలేదు. మన పాఠకులకు ఎక్కువ పనికొచ్చేది మాత్రం అదే. అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ 1920లలో శివాలిక్ అడవుల్లో ఉద్యోగం చేస్తూ, పులులు నడిచే బాటలో తీగ కట్టి, తీగ తగలగానే మెగ్నీషియం వెలుగుతో షట్టరు పడే ఏర్పాటు చేశాడు. పులి తన ఫొటో తానే తీసుకునేది. ఆయన పుస్తకం ‘విత్ ఎ కెమెరా ఇన్ టైగర్‌ల్యాండ్’ 1927లో వచ్చింది. తుపాకి బదులు కెమెరా పట్టిన అటవీ అధికారిగా ఆయన జిమ్ కార్బెట్ వంటివారిపై వేసిన ప్రభావం తక్కువది కాదు. నేడు పులుల గణనలో వాడే కెమెరా ట్రాప్‌కు అది ఒక పూర్వరూపం.

నిజాం రాజ్యంలో మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1940లలో నల్లమల చెంచుల మధ్య, గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మధ్య ఉండి చేసిన క్షేత్రకార్యంలో రాతతోపాటు కెమెరా కూడా ఉంది. ఆయన ఫొటోలు, చలనచిత్రాలు, డైరీలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆ మూడు సమాజాల జీవితం గురించి అంతకుముందు అంత వివరమైన దృశ్య సాక్ష్యం లేదు. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 వరకు సాగిన తవ్వకాలది మరింత పదునైన ఉదాహరణ. సాగర్ జలాశయం నిండేలోగా ఇక్ష్వాకుల విజయపురిని తవ్వి, కొలిచి, గీసి, ఫొటోలు తీయాలి. కొన్ని కట్టడాలను కొండ మీదికి, అనుపుకు తరలించారు. మిగిలినవి నీళ్ల కిందికి వెళ్లాయి. వాటికి ఇప్పుడు మిగిలింది గీసిన పటాలు, రాసిన నివేదికలు, ఫిల్మ్ మీది బొమ్మలు. కృష్ణా నది అవతలి ఒడ్డున ఏలేశ్వరంలో జరిగిన తవ్వకాలకూ అదే గతి, అదే విలువ.

కెమెరా ఎంపికలో చూడవలసింది బ్యాటరీ, బరువు, మరమ్మతు, ఈ వరుసలోనే. బ్యాటరీ లేకపోయినా షట్టరు పడే యాంత్రిక కెమెరాలు పనివారికి నమ్మకమైనవి. 1970లలో వచ్చిన ఒలింపస్ ఓఎం-1, పెంటాక్స్ కె1000, 1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం2 ఈ కోవలోవి. వీటిలో బ్యాటరీ అవసరం వెలుగు కొలిచే మీటరుకే. అన్నీ అర కిలో దాటుతాయి. జేబులో పట్టే ఒలింపస్ ఎక్స్ఎ సుమారు పావు కిలోనే, కానీ బ్యాటరీ అయిపోతే పనిచేయదు. నీళ్లలో, బురదలో పనిచేసేవారికి నికోనోస్ సాటిలేనిది. సముద్ర అన్వేషకుడు కూస్టో బృందం సముద్రగర్భ పనికోసం రూపొందిన కాలిప్సో కెమెరాయే 1963 నుంచి ఆ పేరుతో వచ్చింది; 2001లో తయారీ ఆగింది. జపాన్‌లో కొనికా కంపెనీ కట్టడాల మేస్త్రీలు, ఇంజనీర్ల కోసమే ‘గెంబా కాంతోకు’ అనే కెమెరా చేసింది. ఆ పేరుకు అర్థం పనిస్థల పర్యవేక్షకుడు. దుమ్మునూ జల్లునూ తట్టుకుంటుంది, చేతితొడుగులతోనే నొక్కగలిగే పెద్ద బటన్లు ఉంటాయి. పనిచేసే మనిషి చేతిని దృష్టిలో పెట్టుకుని కెమెరా చేసిన సందర్భాలు అరుదు. అందుకే ఇలాంటి పాత కెమెరాలకు ఇప్పటికీ గిరాకీ ఉంది. వీటిలో రబ్బరు సీళ్లు దశాబ్దాల నాటివి కావడంతో మార్పించకుండా నీళ్లలో దించడం ప్రమాదం.

పెద్ద నెగెటివ్ ఇచ్చే 120 రీలు కెమెరాలతో తీసిన చిత్రాల్లో సూక్ష్మ వివరాలు బాగా వస్తాయి. అయితే ఆరు సెంటీమీటర్ల చదరపు ఫ్రేములు ఒక రీలుకు పన్నెండే వస్తాయి. జీపు ఆగిన చోట పనికొస్తాయి, రోజంతా నడిచేవారికి బరువు.

ఒక కెమెరా, ఒక లెన్స్, ఒకే రకం ఫిల్మ్ అన్న నియమం ఈ రంగంలో చాలామంది అనుభవజ్ఞుల పద్ధతి. కారణం పొదుపు ఒక్కటే కాదు. పని మధ్యలో కెమెరా చేతికి తీసుకున్నప్పుడు ఆలోచించవలసింది తక్కువగా ఉండాలి. 35 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్/11 దగ్గర ఉంచి, దూరాన్ని 4 మీటర్లకు అమర్చితే దాదాపు 2 మీటర్ల నుంచి అనంతం వరకు అంతా స్పష్టంగా వస్తుంది. అప్పుడు ఫోకస్ చూడనవసరం లేదు. ఒక చేత్తో తాడు పట్టుకుని మరో చేత్తో ఫొటో తీయవచ్చు.

ఫిల్మ్ విషయంలో ఐఎస్‌వో 400 బ్లాక్ అండ్ వైట్ లేదా కలర్ నెగెటివ్ ఆరుబయటి పనికి మొదటి ఎంపిక. నెగెటివ్ ఫిల్మ్ మోతాదు మించిన వెలుగును రెండు మూడు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) దాకా ఓర్చుకుంటుంది; తక్కువైతే మాత్రం నీడల్లో ఏమీ మిగలదు. స్లైడ్ ఫిల్మ్‌కు ఆ ఓర్పు లేదు, అర స్టాపు తప్పినా తెలిసిపోతుంది. ఒకప్పుడు యాత్రికులకూ పరిశోధకులకూ ప్రాణమైన కొడాక్రోమ్ తయారీ 2009లో ఆగింది, దాన్ని కడిగే చివరి ల్యాబ్ 2010 ముగిసేసరికి ఆ పని ఆపేసింది. మన దేశంలో ప్రభుత్వరంగ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఊటీలో ‘ఇందు’ పేరుతో ఫిల్మ్ తయారుచేసేది, అదీ మూతపడింది. ఇప్పుడు దొరికేది దిగుమతి సరుకే. చవకగా అమ్మే రీళ్లలో సినిమా ఫిల్మ్‌ను ముక్కలు చేసి చుట్టినవి ఉంటాయి. వాటిలో కొన్నిటికి వెనుక నల్లటి కార్బన్ పూత ఉంటుంది, అలాంటివాటిని మామూలు కలర్ ల్యాబ్ యంత్రంలో వేయకూడదు. కొనేముందే ఎక్కడ కడిగించాలో చూసుకోవాలి.

వెలుగు అంచనాకు మీటరు లేకపోయినా నడిచే పాత సూత్రం ఒకటుంది. నిండు ఎండలో అపెర్చర్ ఎఫ్/16 ఉంచితే, ఫిల్మ్ ఐఎస్‌వో సంఖ్యకు దగ్గరగా షట్టరు వేగం పెట్టాలి. ఐఎస్‌వో 400కు అది 1/500 సెకను. నీడల అంచులు మెత్తబడితే ఎఫ్/11, నీడలే పడని మబ్బులో ఎఫ్/8, చెట్టు నీడలో ఎఫ్/5.6 లేదా ఎఫ్/4. దట్టమైన అడవి లోపల దీన్ని నమ్మకూడదు. మారేడుమిల్లి వైపు వెదురు, చెట్ల గుబురు కింద పట్టపగలు కూడా ఎఫ్/2.8 దగ్గర 1/60 సెకను అవసరం పడవచ్చు. కంటిపాప విచ్చుకోవడం వల్ల అంత చీకటిగా అనిపించదు, అదే చిక్కు. ఉప్పు మళ్లు, ఇసుక తిన్నెలు, మంచు వంటి తెల్లని నేలపై పరిస్థితి తిరగబడుతుంది. మీటరు తెల్లదనాన్ని బూడిద రంగుగా భావించి తక్కువ వెలుగు ఇస్తుంది కాబట్టి ఒకటి నుంచి రెండు స్టాపులు అదనంగా ఇవ్వాలి. మన ప్రాంతపు మధ్యాహ్నపు ఎండ నడినెత్తిన పడి తలపాగా కింద ముఖం నల్లబడిపోతుంది. పొలంలో, తవ్వకాల్లో పనిచేసేవారి ముఖాలు కావాలంటే ముఖం దగ్గరకు వెళ్లి కొలిచి, తెల్లని బట్టలు కాస్త ఎక్కువ వెలుగు తిన్నా ఫరవాలేదనుకోవాలి.

ఫిల్టర్లు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో అలంకారం కోసం కాక సమాచారం కోసం పనికొస్తాయి. ఎర్ర ఫిల్టర్ ఆకాశాన్ని నల్లబరిచి, ఎర్రమట్టిని లేతగా, ఆకుపచ్చని ముదురుగా చూపుతుంది. మూడు స్టాపుల వెలుగు తినేస్తుంది. పసుపు ఫిల్టర్ ఒక స్టాపుతో మబ్బులను విడదీసి చూపుతుంది. తవ్విన గోడలో ఎర్రని పొరను ముదురుగా కనిపించేలా చేయాలంటే ఆకుపచ్చ ఫిల్టర్ సాయపడుతుంది.

ఇక వాతావరణం. తెలుగు నేలపై ఫిల్మ్‌కు పెద్ద శత్రువు చలి కాదు, రోహిణి కార్తె. ఎండలో నిలిపిన మూసిన జీపు లోపలి వేడి 60 డిగ్రీలు దాటవచ్చు. డ్యాష్‌బోర్డు మీద మరచిన రీలుకు ఒక మధ్యాహ్నం చాలు. వాడని ఫిల్మ్‌ను ఫ్రిజ్‌లో దాచి, బయటికి తీసిన తర్వాత డబ్బా మూత విప్పకుండా గంట రెండు గంటలు గది వేడికి రానివ్వాలి. లేకపోతే తీరప్రాంతపు తేమ ఫిల్మ్ మీద చెమ్మగా పడుతుంది. పని ప్రదేశంలో తెల్లని గుడ్డలో చుట్టి సంచి నడుమ, బట్టల మధ్య ఉంచితే ఎండ దెబ్బ తగ్గుతుంది. సిలికాజెల్ పొట్లాలు తేమను పీలుస్తాయి, అవి దొరకని చోట బాగా వేయించి చల్లార్చిన బియ్యం మూట కొంతవరకు ఆ పని చేస్తుంది. వానాకాలంలో లెన్స్‌ను తోలు సంచిలో మూసిపెట్టడమే బూజుకు ఆహ్వానం. గాలీ వెలుగూ తగిలే చోట ఉంచాలి. విశాఖ, కాకినాడ తీరాల్లో ఉప్పుగాలి లోహాన్ని తినేస్తుంది, రోజూ సాయంత్రం మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. దుమ్ములో వెనుక మూత తెరిచి రీలు మార్చితే ఒక్క ఇసుక రేణువు మొత్తం రీలు పొడవునా గీత గీస్తుంది. హిమాలయాల్లో సమస్యలు వేరు: ఫిల్మ్ పెళుసై విరుగుతుంది, వేగంగా తిప్పితే స్థిర విద్యుత్తు మెరుపు మచ్చలు పడతాయి, బ్యాటరీ చచ్చినట్టు నటిస్తుంది. నెమ్మదిగా తిప్పడం, బ్యాటరీని లోపలి జేబులో వెచ్చగా ఉంచడం తెలిస్తే చాలు.

రీలు ఎక్కించేటప్పుడు నీడలో నిలబడి, కొన పళ్లచక్రాలకు పట్టిందో లేదో చూసి, తర్వాతి ఫ్రేముకు తిప్పినప్పుడు ఎడమవైపు పిడి కూడా తిరుగుతోందో గమనించాలి. తిరగకపోతే ఫిల్మ్ కదలడం లేదన్నమాటే. అయిపోయిన రీలు కొనను పూర్తిగా లోపలికి చుట్టేస్తే పొరపాటున మళ్లీ వాడే ప్రమాదం ఉండదు.

విమాన ప్రయాణం కొత్త ముప్పు తెచ్చింది. చెక్ ఇన్ సామాను స్కానర్లు ఎప్పటినుంచో ఫిల్మ్‌కు హానికరం. ఇప్పుడు చేతి సంచులకు వాడుతున్న సీటీ స్కానర్లు కూడా కడగని ఫిల్మ్‌ను పాడుచేస్తాయి. ఫిల్మ్‌ను పారదర్శక సంచిలో వేరుగా పెట్టి చేత్తో తనిఖీ చేయమని మర్యాదగా కోరడమే మార్గం. ఐఎస్‌వో 800, ఆపైవాటికి మరీ ముఖ్యం.

ఫొటోతోపాటు రాసుకున్న వివరం లేకపోతే క్షేత్ర నెగెటివ్ విలువ సగం పోతుంది. డిజిటల్ ఫైలులో తేదీ, సమయం వాటంతటవే చేరతాయి, ఫిల్మ్‌లో చేరవు. రీలు మొదటి ఫ్రేములో పలక మీద రీలు సంఖ్య, తేదీ, ఊరు రాసి ఫొటో తీయడం, ఆ తర్వాత ఫ్రేము సంఖ్య, నిలబడ్డ చోటు, చూసిన దిక్కు పెన్సిలుతో నోటుబుక్కులో రాయడం పాత పద్ధతి. పెన్సిలు ఎందుకంటే వానకు సిరా కారిపోతుంది. భూగర్భ శాస్త్రవేత్త శిల పక్కన సుత్తి పెట్టడం, తవ్వకాల్లో ఎరుపు తెలుపు గీతల కొలబద్ద, ఉత్తర దిక్కు బాణం పెట్టడం ఇందులో భాగమే. వీలర్ పలకలు, కెనడా సర్వే పలకలు నేటికీ పనికొస్తున్నాయంటే కారణం వాటి అందం కంటే ఏ బిందువు నుంచి తీశారో నమోదు కావడమే.

శిబిరంలో కడగాలా, ఊరికి వచ్చాక కడగాలా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కు చీకటి గది అక్కరలేదు. చేతులు దూర్చే నల్లని సంచి, మూత ఉన్న ట్యాంకు, మూడు ద్రావణాలు చాలు. అడ్డంకి నీళ్ల వేడి. 1920ల నుంచి వాడుకలో ఉన్న డి-76 వంటి డెవలపర్లకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. వేసవిలో మేడ మీది నీళ్ల ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్లు 35 డిగ్రీలు దాటుతాయి, ఆ వేడికి జెలటిన్ మెత్తబడి ఉబ్బుతుంది. మట్టి కుండలో రాత్రంతా నిలవబెట్టిన నీళ్లు, చుట్టూ మంచుముక్కల తొట్టి పెట్టి 24 డిగ్రీల దాకా తెచ్చుకుంటే, సమయం తగ్గించి కడగవచ్చు. 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు పట్టేది 24 దగ్గర సుమారు 9 నిమిషాలు. డెవలపర్, ఫిక్సర్, కడిగే నీళ్లు మూడూ ఒకే వేడిలో ఉండడం ముఖ్యం. ఒక్కసారిగా మారితే జెలటిన్ పగుళ్లు బారుతుంది. కలర్ నెగెటివ్‌ను కడిగే సి-41 పద్ధతికి కావలసింది 38 డిగ్రీలు. వేసవిలో ఆ వేడి తేలికగానే వస్తుంది గానీ, అర డిగ్రీ కూడా అటూఇటూ కాకుండా నిలపడం కష్టం. దాన్ని ల్యాబ్‌కు వదలడం మంచిది. తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల బోరునీళ్లలో ఉప్పులు ఎక్కువ. అవి ఆరినచోట తెల్లని మచ్చలు మిగులుతాయి కాబట్టి చివరి కడుగుకు డిస్టిల్డ్ వాటర్ వాడాలి. వాడేసిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది. దాన్ని వాగులో పారబోయడం అడవిని నమ్ముకుని పనిచేసేవారు చేయకూడని పని.

మనుషుల ఫొటోల విషయంలో ఫిల్మ్‌కు ఒక లోటు ఉంది. తీసినది అక్కడే చూపించలేరు, వద్దంటే చెరపలేరు. గూడేల్లో పనిచేసే ఉద్యోగి, పరిశోధకుడు ముందే అడగాలి, తర్వాత ప్రింట్లు తెచ్చి ఇవ్వాలి. గత శతాబ్దంలో గిరిజనుల ఫొటోలు వేలల్లో తీసినా వాటిలో ఆ కుటుంబాలకు చేరినవి బహు తక్కువ. ఇది తీర్చవలసిన బాకీ. పులుల అభయారణ్యాల లోపలి భాగాల్లో, రక్షణ స్థావరాలు, రేవుల దగ్గర అనుమతి లేకుండా కెమెరా బయటికి తీయకూడదన్నది అందరికీ వర్తించే నియమం.

నేడు పనికి అవసరమైన రికార్డును ఫిల్మ్ ఒక్కదానిపైనే వదలడం సరికాదు. అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదు చేసే ఫోన్ ఆ పని బాగా చేస్తుంది, అదీ అక్కడికక్కడే. ఫిల్మ్‌కు మిగిలిన చోటు వేరు. చార్జింగ్ లేని శిబిరాల్లో వారాల తరబడి పనిచేయగలగడం, 36 ఫ్రేములే ఉన్నందువల్ల నొక్కేముందు నిదానించి చూడవలసి రావడం, యంత్రం సాయం లేకుండా కంటితో చూడగల అసలు ప్రతి చేతిలో మిగలడం, ఈ మూడూ గట్టి కారణాలే. వీటిలో మూడోది అన్నిటికన్నా బలమైనది, అదే అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురవుతున్నది కూడా.

నెగెటివ్‌లకు ఆధారమైన సెల్యులోజ్ అసిటేట్ శాశ్వతం కాదు. వేడి, తేమ కలిసినప్పుడు అది విచ్ఛిన్నమై వెనిగర్ వాసనగల ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం మిగతా ఫిల్మ్‌ను మరింత త్వరగా తినేస్తుంది. రోచెస్టర్‌లోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం 21 డిగ్రీల వేడి, 50 శాతం తేమలో కొత్త అసిటేట్ ఫిల్మ్‌కు ఈ జబ్బు మొదలవడానికి సుమారు 40 ఏళ్లు పడుతుంది. మన గదుల వేడిలో గడువు అంతకన్నా చాలా తక్కువ. 1950లు, 60లు, 70లలో మన ప్రాజెక్టుల మీద, అడవుల్లో, తవ్వకాల్లో పనిచేసిన ఇంజనీర్లు, రేంజర్లు, సర్వేయర్లు తీసిన నెగెటివ్‌లు ఎన్నో ఇళ్లలో బీరువాల అడుగున, కార్యాలయాల్లో దస్త్రాల కట్టల మధ్య ఉన్నాయి. వాటికి ఆ గడువు ఎప్పుడో దాటింది. అలాంటివి ఉన్నవారు పీవీసీ కవర్ల నుంచి తీసి కాగితపు కవర్లలో పెట్టాలి, పుల్లని వాసన వస్తున్నవాటిని మిగతావాటి నుంచి వేరుచేయాలి, స్కాన్ చేయించాలి. అన్నిటికన్నా ముందు, ఆ ఊరు ఏదో, ఆ మనుషులు ఎవరో చెప్పగల పెద్దలు ఉండగానే ఆ వివరాలు రాయించుకోవాలి.